ఒక్క అక్షరం తేడా, 18 కోట్ల వైద్యం: మన్యంలోని సికిల్ సెల్ జబ్బుకు కొత్త పరిశోధనలు ఎంత దూరంలో ఉన్నాయి?

విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆస్పత్రికి పాడేరు, అరకు, చింతపల్లి వైపుల నుంచి ఘాట్ రోడ్డు దిగి వచ్చే రోగుల్లో సికిల్ సెల్ జబ్బుతో బాధపడే పిల్లలూ యువకులూ ఉంటారు. ఎముకలు విరుస్తున్నట్లుండే నొప్పి, వదలని రక్తహీనత, పచ్చబడిన కళ్లు, మాటిమాటికీ రక్తం ఎక్కించుకోవలసిన అవస్థ వారికి చిన్నతనం నుంచే అలవాటైపోతాయి. 2023 నవంబరులో బ్రిటన్, అదే ఏడాది డిసెంబరు 8న అమెరికా ఈ జబ్బుకు జన్యు సవరణ వైద్యాన్ని ఆమోదించాయి. క్యాస్‌జెవీ అనే ఈ వైద్యం, జన్యువును కోరిన చోట కత్తెరలా కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో ఆమోదం పొందిన మొట్టమొదటి చికిత్స. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అప్పటి మారకం ప్రకారం 18 కోట్ల రూపాయలకు పైమాటే. ఈ సంగతి తెలిసిన వారికి వెంటనే రెండు అభిప్రాయాలు కలుగుతాయి. జబ్బు నయమయ్యే దారి దొరికిందన్నది ఒకటి, ఆ దారి మనలాంటి వారికి కాదన్నది రెండోది. నా దృష్టిలో రెండూ తొందరపాటు అభిప్రాయాలే. ఆ ధరలో విజ్ఞానానిది ఎంత, చికిత్స చేసే తీరుది ఎంత, మార్కెట్ బేరానిది ఎంత అని విడదీసి చూసినప్పుడే మన్యం రోగులకు ఏది దగ్గరలో ఉందో, ఏది దూరంలో ఉందో తెలుస్తుంది.

జబ్బుకు మూలమైన తేడా చాలా చిన్నది. ఎర్ర రక్తకణాల్లో ఉండి ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసు 146 అమైనో ఆమ్లాల వరుస. అందులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉంటే అదే సికిల్ హీమోగ్లోబిన్. 11వ క్రోమోజోము మీది జన్యువులో జీఏజీ అని ఉండవలసిన మూడక్షరాలు జీటీజీగా మారడం దీనికి కారణం. ఈ రోగుల కణాలు కొడవలి ఆకారంలో ఉన్నాయని 1910లోనే షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ రాశారు. లోపం హీమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం నిరూపించింది. ఒక జబ్బు మూలాన్ని ఒక అణువు దాకా తీసుకువెళ్లి చూపడం అదే మొదలు. ఆ అణువులో ఏ అమైనో ఆమ్లం మారిందో 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. అంటే ఇంత స్పష్టంగా, ఇంత ముందుగా కారణం తెలిసిన వంశపారంపర్య వ్యాధి మరొకటి లేదని చెప్పవచ్చు.

ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇంత బాధ ఎందుకో తెలుసుకోవాలంటే అణువును కాస్త దగ్గరగా చూడాలి. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలివిడిగా ఉండే రకం, వాలీన్ నీటికి దూరంగా జరిగే రకం. కణజాలానికి ప్రాణవాయువును ఇచ్చేశాక హీమోగ్లోబిన్ ఆకారం కొద్దిగా మారి, నీటికి పొసగని చిన్న గుంట ఒకటి దాని మీద బయటపడుతుంది. పక్క అణువులోని వాలీన్ ఆ గుంటలో సరిగ్గా ఇముడుతుంది. అలా అణువుకు అణువు తగులుకొని పొడవైన పోగులుగా పేరుకుంటాయి, ఆ పోగులు కణాన్ని లోపలి నుంచి సాగదీసి వంచేస్తాయి. వంగి బిగుసుకుపోయిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఆ నాళం దాటి ఉన్న భాగానికి రక్తం అందదు. రోగి భరించలేని నొప్పి అదే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది కాబట్టి రక్తహీనత కూడా ఎప్పుడూ ఉంటుంది.

ఇదే రసాయన గుణం మీద ఆధారపడిన తొలి పరీక్షను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా చేయవచ్చు. వేలి నుంచి తీసిన ఒక చుక్క రక్తాన్ని, ప్రాణవాయువును లాగేసే రసాయనం కలిపిన ద్రావణంలో వేసి, ఆ గాజు గొట్టాన్ని నల్ల గీతలున్న తెల్ల కాగితం ముందు పట్టుకుంటారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ హీమోగ్లోబిన్ లేనట్టు, ద్రావణం మసకబారి గీతలు మరుగైపోతే ఉన్నట్టు. అయితే జబ్బు ఉన్నవారెవరో, లక్షణాలు లేకుండా జన్యువును మోసేవారెవరో ఈ పరీక్ష విడదీయలేదు. అందుకు హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే ఎలెక్ట్రోఫోరెసిస్ గాని, హెచ్‌పీఎల్‌సీ గాని చేయాలి. ఈ రెండో పరీక్ష ఫలితం కొండమీది ఊరికి ఎంత త్వరగా తిరిగి చేరుతుందన్న దాని మీదే మొత్తం కార్యక్రమం విలువ ఆధారపడి ఉంటుంది.

ఈ జన్యువు మన్యంలో ఇంతగా ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం మలేరియాలో ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఈ జన్యువు వచ్చినవారికి జబ్బు రాదు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశీలనలతో 1954లో దీన్ని నిరూపించారు. తరతరాలుగా మన్యం జ్వరంతో బతికిన ప్రజల్లో ఈ జన్యువు పోకుండా మిగలడం అందువల్లనే. భారతదేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పూర్వీకులను మలేరియా నుంచి కాపాడిన గుణమే ఇది. పెళ్లి సంబంధాల దగ్గర ఈ జబ్బును దాచిపెట్టేలా చేస్తున్న సిగ్గును పోగొట్టాలంటే ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇక చికిత్స దగ్గరికి వద్దాం. క్రిస్పర్ వైద్యం జన్యువులోని తప్పు అక్షరాన్ని సరిచేస్తుందని చాలామంది అనుకుంటారు. క్యాస్‌జెవీ ఆ అక్షరాన్ని ముట్టుకోదు. అది పనిచేసే తీరు మరొకటి, అందులోనే కంప్యూటర్ శాస్త్రం పాత్ర ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో బీటా గొలుసుల బదులు గామా గొలుసులున్న శిశు హీమోగ్లోబిన్ ఉంటుంది. అది పోగులు కట్టదు. అందుకే ఈ జబ్బున్న పిల్లలకు కూడా పుట్టిన మొదటి నెలల్లో బాధ తెలియదు. తర్వాత శిశు హీమోగ్లోబిన్ తయారీ ఆగిపోతుంది. కొందరిలో మాత్రం పెద్దయ్యాక కూడా అది కొంత మిగిలి ఉంటుంది, వారికి జబ్బు తీవ్రత తక్కువ. ఆ కొందరిలో ఏముంది? 2007, 2008 సంవత్సరాల్లో పరిశోధకులు వేలమంది జన్యుపటాల్లో లక్షల చోట్ల అక్షరాలను పోల్చి, శిశు హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడంతో ఏ తేడా కలిసివస్తోందో గణాంక పద్ధతిలో వెదికారు. ఆ వెదుకులాట బీసీఎల్11ఏ అనే జన్యువు దగ్గర ఆగింది. హీమోగ్లోబిన్‌కు సంబంధించినదని అంతకు ముందు ఎవరూ అనుకోని జన్యువది. శిశు హీమోగ్లోబిన్‌ను ఆపేసేది అదేనని స్టువర్ట్ ఆర్కిన్ ప్రయోగశాలలో విజయ్ శంకరన్ తదితరులు 2008లో చూపారు. ఆ జన్యువును పూర్తిగా తీసేస్తే ఇతర కణాలకు హాని కాబట్టి, ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని పనిచేయించే చిన్న భాగాన్ని 2013లో గుర్తించారు. క్యాస్‌జెవీలో కత్తెర పడేది ఆ చిన్న భాగం మీదనే.

చికిత్స ఎలా జరుగుతుందో వరుసగా చూస్తే ఖర్చు ఎక్కడ పోగవుతోందో తెలుస్తుంది. ముందు రోగికి మందు ఇచ్చి మూలుగలోని మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. యంత్రంతో వాటిని వేరుచేస్తారు. ఒక్కసారికి చాలినన్ని రాకపోతే మళ్లీ సేకరించాలి. అత్యంత శుభ్రమైన కర్మాగారానికి పంపి, అక్కడ కణాల్లోకి క్రిస్పర్‌ను ప్రవేశపెట్టి, నెలల తరబడి నాణ్యత పరీక్షలు చేసి తిరిగి ఆస్పత్రికి చేరుస్తారు. అవి చేరాక, ఎక్కించడానికి ముందు రోగి మూలుగలో పాత కణాలను ఖాళీ చేయడానికి బుసల్ఫాన్ అనే తీవ్రమైన మందు ఇస్తారు. కొత్త కణాలు పాదుకొనే దాకా వారాల తరబడి ఇన్‌ఫెక్షన్లు సోకకుండా ప్రత్యేక గదిలో ఉంచాలి. బుసల్ఫాన్ వల్ల సంతానం కలిగే శక్తి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇన్ని కష్టాలకు ఓర్చినవారికి ఫలితం మాత్రం గొప్పగా ఉంది. ఆమోదానికి ఆధారమైన ప్రయోగంలో తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి వరుసగా 12 నెలల పాటు తీవ్రమైన నొప్పి దాడి ఒక్కటీ రాలేదు.

ఇందులో క్రిస్పర్ వంతు ఎంత? జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయేల్ షార్పెంటియే 2012లో వివరించి, 2020లో నోబెల్ అందుకున్న ఆ కత్తెర ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో కూడా వాడే సాధనం. ఖర్చులో ఎక్కువ భాగం ఒక్కొక్క రోగికి విడివిడిగా కణాలు తీసి, మార్చి, తిరిగి ఎక్కించడంలో ఉంది. మాత్రలైతే లక్షల సంఖ్యలో తయారుచేసినప్పుడు ఒక్కోదాని ఖర్చు పడిపోతుంది, ఇక్కడ ప్రతి రోగీ ఒక కొత్త బ్యాచ్ కాబట్టి ఆ సౌలభ్యం లేదు. దీనికి తోడు పరిశోధన పెట్టుబడి, విఫలమైన ప్రయోగాల నష్టం, పేటెంట్ల లావాదేవీలు.

అయితే తయారీ ఖర్చు ఒక్కటే 22 లక్షల డాలర్లను నిర్ణయించలేదు. అమెరికాలో ఇలాంటి వైద్యాల ధర కట్టేటప్పుడు ఒక సికిల్ సెల్ రోగికి జీవితాంతం అయ్యే ఆస్పత్రి ఖర్చులు, పెరిగే ఆయుష్షు, తగ్గే బాధ అన్నిటికీ డాలర్లలో విలువ కడతారు. ఆ దేశంలో మందుల విలువను మదింపు వేసే ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్లినికల్ అండ్ ఎకనామిక్ రివ్యూ 2023లో ఈ చికిత్సలకు 13.5 లక్షల నుంచి 20.5 లక్షల డాలర్ల వరకు న్యాయమైన ధర అని లెక్క తేల్చింది. కంపెనీ ఆ పైఅంచును కూడా దాటింది. ఈ లెక్కలో ఉన్నవన్నీ అమెరికా ఆస్పత్రి బిల్లులు, అమెరికా ఆదాయాలు. అదే సూత్రాన్ని పాడేరు రోగికి వర్తింపజేస్తే ధర ఎన్నో రెట్లు కిందికి దిగాలి. అంటే 18 కోట్లన్నది ప్రకృతి నియమం కాదు, ఒక సంపన్న బీమా వ్యవస్థ చెల్లించగలిగిన గరిష్ఠం. అమెరికా ప్రభుత్వం కూడా 2025లో మొదలుపెట్టిన పథకంలో, చికిత్స ఫలించకపోతే కంపెనీలు డబ్బు కొంత వెనక్కి ఇచ్చే ఒప్పందాలు చేసుకుంది.

ధర పడిపోవడం సాధ్యమేనని చెప్పడానికి మన దేశంలోనే ఆధారం ఉంది. రోగి కణాలను బయట మార్చి ఎక్కించే మరో వైద్యం కార్-టీ. రక్త క్యాన్సర్లకు వాడే ఈ చికిత్స అమెరికాలో మన డబ్బుల్లో 3 కోట్ల రూపాయల పైన పలుకుతుంటే, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆస్పత్రుల కృషితో వచ్చిన నెక్స్‌కార్19 2023 అక్టోబరులో ఆమోదం పొంది 40 లక్షల రూపాయల ప్రాంతంలో అందుబాటులోకి వచ్చింది. 40 లక్షలు కూడా పేదకు అందని మొత్తమే, కాని ప్రభుత్వం భరించడం గురించి ఆలోచించగల మొత్తం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ఐదుగురు హీమోఫీలియా రోగులకు జన్యు చికిత్స చేసి, వారిలో ఎవరికీ ఆ తర్వాత రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. సికిల్ సెల్ విషయంలో ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ ఐజీఐబీ తన సొంత క్రిస్పర్ కత్తెరతో రూపొందించిన చికిత్సకు బిర్సా ముండా పేరు మీద బిర్సా 101 అని పేరు పెట్టి, 2025 నవంబరులో సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు సాంకేతికతను బదిలీ చేసింది. ఇది ఇంకా ఆమోదం పొందిన మందు కాదు. రోగులకు, వారి కుటుంబాలకు ఈ తేడాను చెప్పకుండా ఆశ కల్పించడం అన్యాయం.

మన శాస్త్రవేత్తలు తప్పక పట్టించుకోవలసిన మరో సమస్య కత్తెర తప్పు చోట పడడం. 20 అక్షరాల ఆనవాలును బట్టి క్రిస్పర్ తన చోటును వెదుక్కుంటుంది. మనిషి జన్యుపటం 300 కోట్ల అక్షరాలకు పైగా ఉంటుంది, అందులో అచ్చంగా అదే వరుస మరోచోట ఉండడం అరుదు. ఒకటి రెండు అక్షరాల తేడాతో దగ్గరగా ఉండే వరుసలు మాత్రం చాలానే ఉంటాయి. వాటిని ముందే కంప్యూటర్‌తో గాలించి పట్టుకోవాలి. ఆ గాలింపును చాలాకాలం ఒకే ప్రామాణిక జన్యుపటం మీద చేశారు. బోస్టన్, ఇటలీ పరిశోధకులు క్రిస్పర్‌మీ అనే సాఫ్ట్‌వేర్‌తో వేర్వేరు జనసమూహాల జన్యుపటాలను కలిపి గాలించినప్పుడు, బీసీఎల్11ఏ మీద వాడే ఆనవాలుకే మరోచోట తగిలే అవకాశం ఒకటి బయటపడింది. ఆఫ్రికా మూలాలున్నవారిలో తరచుగా కనిపించే ఒకే ఒక్క అక్షరం తేడా దానికి కారణం. ఆ తేడా ఉన్న కణాల్లో కత్తెర నిజంగానే అక్కడ కూడా పడుతున్నట్టు వారు చూశారు. దాని వల్ల రోగికి హాని జరిగిందని ఎక్కడా తేలలేదు. కాని సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రజలలోనే ఆ తేడా ఉండడం, ప్రామాణిక జన్యుపటంలో అది కనబడకపోవడం చిన్న విషయం కాదు.

బగత, కొండదొర, వాల్మీకి, పోర్జ, గదబ, ఖోండు ప్రజల జన్యుపటాల్లో ఇలాంటి తేడాలు ఏమున్నాయన్నది ఇప్పుడు మన ప్రశ్న. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది భారతీయుల జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. మన తెగల నుంచి తగినంతమంది సమాచారాన్ని దానికి జోడించి, ప్రతి కొత్త చికిత్స ఆనవాలునూ ముందుగానే గాలించడం కోట్లు ఖర్చయ్యే పని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్ర విభాగం ఉంది, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు వేలల్లో ఉన్నారు, కింగ్ జార్జ్ ఆస్పత్రిలో రోగులున్నారు. ఈ మూడూ ఒకే నగరంలో ఉన్నప్పుడు ఈ పని ఇక్కడే జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. రక్త నమూనా ఎందుకు తీసుకుంటున్నారో ఆ మనిషి సొంత భాషలో వివరించి, సమ్మతి తీసుకొని, ఫలితాన్ని తిరిగి ఆ ఊరికే చెప్పడం అందులో తప్పనిసరి భాగం.

ఖర్చును అసలు కుదుళ్ల దగ్గర తగ్గించగల పరిశోధన మరొకటి ఉంది. కణాలను బయటికి తీయకుండా, కొవ్వు బుడగల్లో, కణానికి సూచనలు చేరవేసే ఎంఆర్‌ఎన్‌ఏను పెట్టి సూదిమందుగా ఇచ్చి, మూలుగలోని మూలకణాలను శరీరంలోనే సవరించే ప్రయత్నమది. కోవిడ్ టీకాల్లో వాడినది ఈ బుడగలనే. మూలకణాల మీదుండే ఒక గుర్తును పట్టుకొనే యాంటీబాడీని బుడగలకు తగిలించి ఎలుకల మూలకణాలను శరీరంలోనే మార్చగలిగినట్టు, సికిల్ రోగుల కణాల్లో ప్రయోగశాలలో ఆ పద్ధతితోనే తప్పును సవరించగలిగినట్టు ఫిలడెల్ఫియా పరిశోధకులు 2023లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వారిలో నోబెల్ గ్రహీత డ్రూ వైస్‌మన్ కూడా ఒకరు. ఇది మనుషుల్లో పనిచేస్తే బుసల్ఫాన్ అక్కర్లేదు, ప్రత్యేక గది అక్కర్లేదు, ఒక్కో రోగికి ఒక్కో బ్యాచ్ అక్కర్లేదు. జిల్లా ఆస్పత్రిలో ఇవ్వగల వైద్యం ఏదైనా వస్తే ఈ దారిలోనే రావాలి. కాలేయంలోని కణాలకు ఇలాంటి సూదిమందు ఇప్పటికే మనుషుల్లో పనిచేసింది. 2025 ఫిబ్రవరిలో అదే ఫిలడెల్ఫియాలో ఒక పసిబిడ్డ కాలేయ జబ్బుకు ఆరు నెలల్లో ప్రత్యేకంగా మందు తయారుచేసి ఇచ్చారు. మూలుగ కాలేయమంత సులభంగా అందేది కాదు, కాబట్టి ఎలుక నుంచి మనిషికి చేరడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఏళ్లలో మన్యం రోగులు ఏం చేయాలి? ఇక్కడ సమాధానం చాలా పాత మందులో ఉంది. హైడ్రాక్సీయూరియా కూడా శిశు హీమోగ్లోబిన్‌నే పెంచుతుంది. దాన్ని వాడితే నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గుతాయని 1995లోనే అమెరికా ప్రయోగంలో తేలింది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో పిల్లలకు ఇచ్చి 2019లో ప్రచురించిన అధ్యయనంలో నొప్పి దాడులు, రక్తం ఎక్కించవలసిన అవసరం, మరణాలు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. మలేరియా ఉన్న కొండ ప్రాంతాలకు అమెరికా ప్రయోగం కన్నా ఈ అధ్యయనమే ఎక్కువ దగ్గరిది. మందు ఖరీదు రోజుకు కొద్ది రూపాయలు. దానితో చిక్కల్లా తెల్లకణాలు మరీ పడిపోకుండా క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష కోసం ప్రతిసారీ విశాఖ దాకా రావలసి వస్తే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, చివరికి మందు మానేస్తారు. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అరకులో ప్రాంతీయ ఆస్పత్రి ఉంది. రక్తకణాల లెక్క, మందు రెండూ అక్కడే ఒకే రోజు దొరికేలా చేయడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకొంది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. జబ్బున్నవారికి రాష్ట్రం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ పింఛనుకైనా, హైడ్రాక్సీయూరియాకైనా మొదటి మెట్టు నిర్ధారణ పత్రమే. పెద్దలను పరీక్షించడం కన్నా ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించడం ఎక్కువ మేలు చేస్తుంది. శిశు హీమోగ్లోబిన్ కాపాడే ఆ కొద్ది నెలల్లోనే సంగతి తెలిస్తే, మొదటి నొప్పి దాడికి ముందే ఇన్‌ఫెక్షన్ల నుంచి కాపాడే పెన్సిలిన్, న్యూమోకోకల్ టీకా మొదలుపెట్టవచ్చు, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఎందుకు తీసుకురావాలో తల్లికి చెప్పవచ్చు.